పెద్దోళ్ళకి మందుల చీటీ చదవడం నేర్పితే దేశం ఏమైపోవాలి?

కేంద్రం వాళ్ళు ఉల్లాస్ అని ఒక స్కీమ్ నడుపుతున్నారు, 2022 నుంచి 2027 దాకా, పదిహేనేళ్ళు దాటినా చదువు రానోళ్ళకి అక్షరాలు, లెక్కలు నేర్పడానికి. అంతవరకూ నాకేం పేచీ లేదు. సంతకం పెట్టుకోనీండి, బస్సు బోర్డు చదువుకోనీండి. కానీ అందులోనే జీవన నైపుణ్యాలు అని ఒక ముక్క ఇరికించి ఆరోగ్యం గురించి కూడా చెప్పమన్నారు చూడండి, అక్కడే నేను బాధ్యత గల పౌరుడిగా అడ్డం పడుతున్నా.

అసలు ఇప్పుడు ఏం తక్కువైందని? మందుల చీటీ మీద బీడీ (రోజుకి రెండుసార్లు), టీడీఎస్ (మూడుసార్లు), ఎస్ఓఎస్ (అవసరమైతేనే) అని ఉంటుంది, అవి లాటిన్ మాటలకి పొట్టి అక్షరాలు. అంటే మన అనకాపల్లి అప్పలనరసమ్మకి రోజూ రెండుపూటలా రోమ్ నగరం నుంచి కబురొస్తోందన్నమాట, ఇంకేం గౌరవం కావాలి? మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్దక్షరాల్లో రాయాలని మెడికల్ కౌన్సిల్ 2016లోనే రూల్ మార్చింది. ఆ రూల్ కూడా ఎవరో డాక్టరుగారు చేత్తో రాసి పంపినట్టున్నారు, మన ఆసుపత్రుల్లో చాలామందికి ఇంతవరకూ అర్థం కాలేదు.

ఇక మెడికల్ షాపు. పదిగోలీల షీట్లోంచి మూడు కావాలంటే కత్తెరతో కట్ చేసి ఇస్తారు, ఎక్స్‌పైరీ డేట్ ఎప్పుడూ అవతలి ముక్క మీదే ఉండిపోతుంది, మందు పేరు సగం ఇటు సగం అటు. నిజం చెప్పొద్దూ, ఈ దేశంలో ఆరోగ్యం చదువు చెప్పే పంతులు ఎవరైనా ఉన్నాడంటే ఆ షాపు కుర్రాడే. కాగితం కవరు మీద పెన్నుతో గీతలు గీసి "అమ్మా, రెండు గీతలున్నది పొద్దునా రాత్రీ, ఒక్క గీతది పడుకునేముందు, ఇది మటుకు పరగడుపున, మర్చిపోకు" అని చెప్తాడు. పెద్ద పెద్ద సదస్సులు పెట్టి తేల్చాల్సిన పద్ధతి వాడికి పదివేల జీతానికి వచ్చేసింది. ఇప్పుడు అందరికీ చదవడం నేర్పి వాడి గౌరవం తీసేస్తారా?

ఇంకో ప్రమాదం ఉంది. చదవడం వస్తే జనం షీటు వెనక్కి తిప్పి చూస్తారు. జ్వరం గోలీ అని ఒకటి, జలుబు గోలీ అని ఇంకోటి, ఒళ్ళునొప్పులకి మూడోది ఇస్తే మూడిట్లోనూ పారాసెటమాల్ ఉందేంటి బాబూ అంటారు. షీటు మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా కొనకూడని మందని తెలిసిపోతుంది, మరి "ఏదో ఒక యాంటీబయాటిక్ రెండ్రోజులకి ఇవ్వు" అనే మన తరతరాల కౌంటర్ వైద్యం ఏమైపోవాలి?

మూడు నెలల షుగర్ టెస్టు సంగతి అసలు ఎత్తకూడదు. మా చుట్టాల్లో పెద్దలు మామూలు షుగర్ టెస్టుకి రెండ్రోజుల ముందు స్వీట్లూ అన్నం మానేసి జొన్నరొట్టె తిని, రిపోర్టు నార్మల్ రాగానే ఆ సంతోషంలో కాజాలు పంచుతారు, ఎంత అందమైన ఆచారం! ఎర్రకణం నూటిరవై రోజులు బతుకుతుంది, అన్నాళ్ళూ రక్తంలో ఉన్న చక్కెర దానికి అంటుకుని ఉంటుంది, మూడు నెలల టెస్టు చూసేది దాన్నే, రెండ్రోజుల ఉపవాసానికి అది లొంగదు అని క్లాసులో చెప్పారనుకోండి, కాజాల వ్యాపారం పడిపోదూ?

ఓఆర్ఎస్ విషయంలో ఆల్రెడీ నష్టం జరిగిపోయింది. అసలు విరేచనాలప్పుడు తాగించే ఓఆర్ఎస్ అంటే లీటరు నీళ్ళకి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, ఇంకా పొటాషియం, సిట్రేటు, అంతా కొలత ప్రకారం. ఆ పేరే పెట్టుకుని తియ్యటి డ్రింకులు షాపుల్లో హాయిగా అమ్ముడుపోతుంటే, చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఇంకా ముదురుతాయని హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోట్లాడి, 2025 అక్టోబరులో ఆ డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాటే రాయొద్దని ఫుడ్ సేఫ్టీ వాళ్ళచేత చెప్పించారు. ఒక్కరు లేబుల్ చదివితేనే ఇంత గొడవైంది. ఊళ్ళో అందరూ చదివితే?

ఊహ కాదండీ, అనుభవమే ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో రాత్రిపూట వయోజన విద్య అని ఆడవాళ్ళకి క్లాసులు పెట్టారు. అ ఆ లు నేర్పి పంపిస్తే సరిపోయేది, సారా వల్ల ఇల్లు ఎలా గుల్లవుతోందో పాఠంలో పెట్టారు. దూబగుంట ఆడవాళ్ళు పాఠం చదివి బుద్ధిగా ఇంటికి పోవాలా, లేచి సారా కొట్టు మూయించారు. అది ఊరూరా పాకి 1993లో సారా నిషేధం, 1995లో మద్యనిషేధం దాకా పోయింది. మందు అమ్ముకోవడానికి ప్రభుత్వం మళ్ళీ 1997 దాకా ఆగాల్సొచ్చింది, ఖజానాకి ఎంత క్షోభ!

పైగా ఇప్పుడు కొత్తగా ఇంకో పద్ధతి ఉందంట, డాక్టరు అంతా చెప్పాక "ఇంటికెళ్ళి ఈ గోలీలు ఎలా వేసుకుంటావో నాకొకసారి చెప్పమ్మా" అని పేషెంటునే అడగాలంట. ఆమె తప్పు చెప్తే ఆమెకి తెలివి లేదని కాదు, మనం సరిగ్గా చెప్పలేదని లెక్కంట. ఓపీలో మనిషికి రెండు నిమిషాలు ఇచ్చేచోట ఇది మొదలుపెడితే డాక్టరు తప్పులు బయటపడేసరికే లంచ్ టైమైపోతుంది.

కాబట్టి నా అభ్యంతరాల మీద వెంటనే ఒక కమిటీ వెయ్యాలి. అందులో మందులు మింగేవాళ్ళు ఒక్కరు కూడా ఉండకూడదు. రిపోర్టు ఇంగ్లీషులో, డాక్టరుగారి సొంత చేతిరాతలో ఉండాలి. కాపీ మాత్రం ఊరూరా పంచాయతీ గోడకి అంటించండి, పారదర్శకత ముఖ్యం కదా.