సొమ్మొకరిది, తలకాయ మరొకరిది

రోమ్ చూసొచ్చినవాళ్లంతా ఒకటే పాట పాడతారు. ఆ కమానులేమిటి, ఆ గుమ్మటాలేమిటి, ఆ కాంక్రీటేమిటి అని! కాదనను. కానీ కమాను మెసొపొటేమియా వాళ్లకు అంతకుముందే తెలుసు. స్తంభాలు గ్రీకుల దగ్గర తెచ్చుకున్నవి. రోమన్లు తమదంటూ పండించిన కళ వేరే ఉంది, దాన్ని కళావిమర్శకులు చిన్నచూపు చూస్తున్నారు. ఉన్న విగ్రహానికి తల మార్చే కళ అది.

అందులోని ముందుచూపు గమనించండి. చాలా విగ్రహాలకు మొండెం వేరుగా, తల వేరుగా చెక్కి, మెడ దగ్గర తవ్విన గుంటలో తలను కూర్చోబెట్టేవారు. ఏలినవారు మారితే తల ఒక్కటి మారిస్తే సరి. భుజాలు, కవచం, పైకెత్తిన చెయ్యి యథాతథంగా కొత్త ప్రభుత్వానికి బదిలీ. ఖజానాకు ఎంత ఆదా!

నీరో చక్రవర్తి సంగతే తీసుకోండి. తన బంగారు భవనానికి వంద అడుగులు పైబడిన కంచు విగ్రహం చేయించుకున్నాడు. క్రీ.శ. 68లో ఆయన పోయాడు. అంత కంచు కరిగించడానికి మనసొప్పలేదు కాబోలు, తర్వాత గద్దెనెక్కిన వెస్పేసియన్ దాన్ని సూర్యభగవానుణ్ని చేశాడు. హేడ్రియన్ చక్రవర్తి 24 ఏనుగులు పెట్టి పక్కకు జరిపించాడని పాత చరిత్రకారుల మాట. తర్వాత వచ్చిన కొమోడస్ చక్రవర్తికి సూర్యుడి ముఖం నచ్చలేదు. ఆ తల తీయించి తన తల పెట్టించి, చేతికి గద ఇప్పించి పురాణ వీరుడు హెర్క్యులిస్ అయిపోయాడు. 192లో ఆయన్ని చంపేశాక మళ్లీ సూర్యుడే. ఇన్నిసార్లు పార్టీ మారినా ఆ విగ్రహం ఒక్క ప్రెస్‌మీట్ పెట్టలేదు. కొలోసియంకు ఆ పేరు వచ్చింది ఈ మహాకాయుడి (కొలోసస్) పక్కన ఉన్నందుకేనంటారు.

ఇటలీలోని మిసేనమ్‌లో దొరికిన, గుర్రమెక్కిన డొమిషియన్ చక్రవర్తి కంచు విగ్రహం ఇంకా పొదుపైనది. 96లో ఆయన హత్య జరిగాక తల మొత్తం కూడా మార్చలేదు, ముఖం మాత్రం కోసి, తర్వాత గద్దెనెక్కిన నెర్వా ముఖం అతికించారు. గుర్రం అదే, దానికి అభ్యంతరం లేదు.

ఈ కళకు పరాకాష్ఠ 315 నాటి కాన్‌స్టంటైన్ విజయ తోరణం. ట్రాజన్, హేడ్రియన్, మార్కస్ ఆరీలియస్ కాలాల శిల్పాలు ఊడదీసుకొచ్చి దాని మీద బిగించారు. వేటకు వెళ్లింది హేడ్రియన్, పందిని పొడిచింది హేడ్రియన్, ముఖం మాత్రం కొత్త వాళ్లది. రెండు వందల ఏళ్ల విజయాలు ఒక్క టెండరుతో సొంతమయ్యాయి.

ఇంత ఘన సంప్రదాయానికి మచ్చ తెచ్చినవాడు కూడా హేడ్రియనే. రోమ్‌లో పాంథియన్ అనే గుడి కట్టించాడు. 43 మీటర్ల గుమ్మటం, లోపల ఒక్క ఇనుప చువ్వ లేదు, పైకి పోయేకొద్దీ బరువు తగ్గేలా ప్యూమిస్ అనే తేలికపాటి అగ్నిపర్వత రాయి కలిపారు. చువ్వల్లేని కాంక్రీటు గుమ్మటాల్లో ఇప్పటికీ అదే పెద్దది. ఇంత చేసి నుదుట ఏం రాయించాడు? ‘లూషియస్ కొడుకు మార్కస్ అగ్రిప్పా, మూడుసార్లు కాన్సల్, కట్టించాడు’ అని! కాన్సల్ అంటే రోమ్‌లో పెద్ద పదవి. అగస్టస్ చక్రవర్తి కుడిభుజమైన ఈ అగ్రిప్పా చనిపోయి అప్పటికి 130 ఏళ్లు దాటింది. ఆయన కట్టించిన పాత గుడి కాలిపోయింది. పాత పేరే ఉంచేశాడీ అమాయకుడు. దాంతో లోకం శతాబ్దాల పాటు అగ్రిప్పాకే దండం పెట్టింది. 1892లో షెడాన్ అనే ఫ్రెంచి ఆర్కిటెక్టు గోడలోని ఇటుకల మీద హేడ్రియన్ కాలపు ముద్రలు చదివితే గానీ గుట్టు బయటపడలేదు. బట్టీవాళ్లే ఇటుక ఇటుకకూ ముద్ర వేసుకునే దేశంలో చక్రవర్తికి ఆ మాత్రం లౌక్యం లేకపోయింది. 202లో మరమ్మతు చేయించిన సెప్టిమియస్ సెవెరస్ చక్రవర్తి నయం. అగ్రిప్పా పేరు కింద చిన్న అక్షరాల్లోనైనా తన పేరూ, కొడుకు కరకల్లా పేరూ ఎక్కించాడు.

అయితే పేర్లు ఎక్కించినంత నేర్పు తీసేయడంలో కనబడదు. మరుసటేడు, అంటే 203లో, రోమ్ నడిబొడ్డు కూడలి ఫోరమ్‌లో సెవెరస్ పేరిట తోరణం లేచింది. దాని మీద ఆయనతో పాటు కొడుకులు కరకల్లా, గేటా పేర్లు కంచు అక్షరాల్లో మెరిశాయి. 211లో తండ్రి పోయాడు, ఆ ఏడే కరకల్లా తమ్ముణ్ని చంపించాడు. గేటా పేరు పీకించి, ఖాళీ కనబడకుండా ‘ఉత్తములు, మహాశూరులైన ప్రభువులు’ అని తమ పొగడ్తతో నింపాడు. కాలక్రమంలో కంచు అక్షరాలన్నీ ఎవరో ఎత్తుకుపోయారు. రాతిలో అవి బిగించిన బెజ్జాలు మాత్రం మిగిలాయి. పండితులు ఆ పాత బెజ్జాలు పట్టుకుని గేటా పేరు చదివేశారు. 43 మీటర్ల గుమ్మటం పోసిన జాతికి, తోరణం మీది నాలుగు బెజ్జాలు పూడ్చడానికి పిడికెడు కాంక్రీటు దొరకలేదంటే, ఆ శాఖ అధికారులను సస్పెండ్ చేయాల్సింది.