పళ్లు ఏరుకుంటే అమెజాన్ నిలుస్తుందా?

అమెజాన్ అడవి మీద ఒక మాట బాగా షేర్ అవుతోంది: "కలప నరికి అమ్మితే వచ్చేదానికి ఆరు రెట్లు పళ్లు, రబ్బరు పాలు అమ్మితే వస్తుంది. వాటితో చెట్టుకు నష్టం లేదు. మనం ఆ సరుకు కొంటే చాలు, అడవి నిలుస్తుంది." అడవి నిలవాలనే నా కోరిక కూడా. కానీ ఈ మాటను నమ్ముకుంటే నిలవదు.

ముందు ఆ ఆరు రెట్ల సంగతి. 1989లో నేచర్ పత్రికలో వచ్చిన లెక్క అది. పెరూలో ఇకీటోస్ పట్నానికి సుమారు 30 కిలోమీటర్ల దూరాన, మిషానా అనే ఊరి దగ్గర ఒక్క హెక్టారు అడవిని కొలిచారు. ముందు ముందు ఏటేటా వచ్చే పళ్లు, పాల విలువనంతా అప్పటికప్పుడు చేతికొచ్చే రొక్కంగా లెక్కగడితే 6,330 డాలర్లు, కలప మొత్తం ఒకేసారి నరికితే 1,000 డాలర్లు అని తేల్చారు. లెక్కలో మోసం లేదు. కానీ అది నది పక్కన, సంతకు అందుబాటులో ఉన్న చోటు. రోజుల తరబడి పడవలో రావాల్సిన చోట పండు దారిలోనే కుళ్లిపోతుంది. పైగా అందరూ అదే పండు దింపితే ఆ ధర ఎక్కడ నిలుస్తుంది?

"చెట్టుకు నష్టం లేదు" అన్నది నన్ను ఎక్కువ బాధపెట్టే మాట. అదే ఇకీటోస్ సంతలో అగ్వాహె పండుకు విపరీతమైన గిరాకీ. తాటిలాగే అందులోనూ పోతు చెట్లు, పెంటి చెట్లు వేరు. నున్నటి పొడుగాటి మాను ఎక్కడం కష్టమని, నాలుగు గెలల కోసం పెంటి చెట్టును గొడ్డలితో పడగొడతారు. ఏళ్ల తరబడి ఇలా సాగిన చోట మిగిలేవి పోతు చెట్లే. అత్తర్లలో వాడే రోజ్‌వుడ్ నూనె కోసమైతే చెట్టునే నరికి ముక్కలు చేస్తారు.

బ్రెజిల్ నట్ అలా కాదు. పండిన కాయ తనే రాలుతుంది, కత్తితో కొట్టి లోపలి పదీ ఇరవై గింజలు తీస్తారు, చెట్టుకు గాటు పడదు. అయినా దశాబ్దాలుగా గట్టిగా ఏరిన తోపుల్లో లేత చెట్లు దాదాపు కనిపించలేదని 2003లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఆగూటి అనే జంతువు గింజల్ని పాతిపెట్టి కొన్నిటిని మరిచిపోతేనే కొత్త మొక్క లేస్తుంది. అన్నీ ఏరుకుపోతే అది పాతేదేముంది?

ఇక గిరాకీ. 1876లో హెన్రీ విక్‌హామ్ అనే ఇంగ్లండు మనిషి అమెజాన్ నుంచి దాదాపు 70,000 రబ్బరు గింజలు లండన్ చేర్చాడు. ఆ గింజల సంతతే ఆసియా తోటలకెక్కింది. 1913 నాటికి ఆసియా తోటల రబ్బరు అడవి రబ్బరును దాటేసింది. అడవి సరుకుకు మంచి ధర పలికితే ఎవరో ఒకరు తోట వేస్తారు. అసాయీ అనే తాటి జాతి చెట్టు పండుకు గిరాకీ పెరిగాక, అమెజాన్ నది ముఖద్వారంలో మిగతా చెట్లు తీసేసి అసాయీ ఒక్కటే ఉంచుతున్నారు.

బ్రెజిల్ రబ్బరు గీత కార్మికుడు, వాళ్ల నాయకుడు షికో మెండిస్ అడిగింది కొనుగోలుదారుల్ని కాదు, అడవి పశువుల ఆసాముల చేతికి పోకుండా హక్కు. 1988 డిసెంబరులో ఆయన్ని కాల్చి చంపారు. 1990లో ఆయన పేరుతో సుమారు 10 లక్షల హెక్టార్ల రిజర్వు, అంటే అక్కడివాళ్లు అడవి సరుకు తీసుకుంటూ బతికే హక్కున్న రక్షిత అడవి, వచ్చింది. హక్కు దక్కింది కాబట్టే అక్కడ అడవి చాలావరకు మిగిలింది. కానీ రబ్బరు, గింజలు గిట్టుబాటు కాక ఆ రిజర్వులోనే చాలా కుటుంబాలు పశువుల వైపు మళ్లాయి.