రెండు బాణాలు, ఒక పిక్క

పిక్కకి రాసిన మందు ఇంకా ఆరలేదు. కాబట్టి మాట కాస్త ఘాటుగా తగిలితే సర్దుకోండి. నాకో హిమాలయన్ బండి ఉంది, కొండదారులకీ మట్టిదారులకీ పనికొచ్చే రాయల్ ఎన్‌ఫీల్డ్ మోటార్‌సైకిల్. ఉగాది వెళ్ళాక దానికి కొత్త టైర్లు వేయించాను. నిన్న పొద్దున పడ్డాను. లద్దాఖ్‌లో కాదు, అరకు ఘాట్‌లో కాదు. నిజాంపేటలో, మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో.

ఈ బళ్ళ టైర్లకి ఒక జాతకం ఉంటుంది. 80-20 అంటే ఎనభై పాళ్ళు తారుకి, ఇరవై మట్టికి. 50-50 అంటే చెరిసగం. నాలోపలి సాహసవీరుడు చెరిసగమే కావాలని పట్టుబట్టాడు. ఆ వీరుడికి ఉద్యోగం గచ్చిబౌలిలో. మట్టి కోసం ఒకే ఒక్క ఆదివారం వికారాబాద్ అవతల అనంతగిరి దాకా వెళ్ళాడు. అక్కడ రోడ్డు శుభ్రంగా ఉంది. మట్టిదారి ఎటని అడిగితే టీకొట్టాయన, మంచి రోడ్డుండగా నీకదేం పోయేకాలం అన్నట్టు చూశాడు. మిగతా ఆరువేల కిలోమీటర్లూ ఆఫీసుకే. ఆ దారి కూడా తక్కువదేం కాదు: కాస్త తారు, కాస్త సిమెంటు, కేబుల్ కోసం తవ్వి మొక్కుబడిగా మట్టి కప్పిన గాడి, మళ్ళీ తారు. కానీ టైరు చేసినవాళ్ళు ఆ మట్టిని లెక్కలోకి తీసుకున్నట్టు లేదు.

ఈ టైరుకి పెద్దపెద్ద గుబ్బలుంటాయి. మధ్యలో ఉన్న ఖాళీ బురదని విదిలించడానికి. తారు మీద ఆ ఖాళీ దండగ. బరువంతా నాలుగు గుబ్బల మీదే పడి, అవి అటూఇటూ మెదిలి, వేడెక్కి అరిగిపోతాయి. నాలుగు నెలల్లో నా వెనక టైరు మధ్య వరస చదునై పీటలా తయారైంది. పక్క వరసలు మాత్రం షోరూంలోంచి ఇప్పుడే వచ్చినట్టున్నాయి. నలభై దాటితే ఒకటే రొద. మా ఆవిడ వెనక కూర్చుని ఆకాశంలోకి చూస్తుంటుంది, విమానమేమోనని.

ఇక సెల్లార్. మా అసోసియేషన్‌కి వచ్చే నెల ఎన్నికలు. సెక్రటరీ గారు మళ్ళీ నిలబడుతున్నారు. అందుకని ర్యాంపుకి రంగు వేయించారు. గరుకు రంగు కాదు, కిటికీ ఊచలకి వేసే నిగనిగలాడే ఎనామిల్. దాని మీద ఆరడుగుల పసుప్పచ్చ బాణం, లోపలికి. బయటికి వెళ్ళడానికి ఇంకో ర్యాంపు ఉంది గానీ, దాని నిండా నెలరోజులుగా సిమెంటు బస్తాలు. ఎవరి ఫ్లాట్ రిపేరుకో చెప్పను, ఎన్నికల ముందు బాగుండదు. పొద్దున్నే వాచ్‌మన్ కార్లు కడుగుతాడు. ఆ నీళ్ళు ఎక్కడ నిలుస్తాయో మీకు అర్థమయ్యే ఉంటుంది.

బాణం మొదలు దగ్గర ముందు చక్రం తప్పుకుంది. జారింది అనడానికి కూడా లేదు, పెద్దమనిషికి దారిచ్చినట్టు మర్యాదగా పక్కకి జరిగింది. ఒక కిలో తక్కువ రెండొందల కిలోల బండి. లెగ్‌గార్డూ, వెనక పక్కన తగిలించిన సామాను డబ్బా ఆనుకుని పూర్తిగా పడుకోకుండా ఏటవాలుగా ఆగింది. డబ్బా కింద నా పిక్క. హ్యాండిల్ నావైపు తిరిగి, ముందు టైరు సరిగ్గా నా ముఖానికి జానెడు దూరంలో.

కదలడానికి లేదు. ఫోన్ జేబులో, జేబు నా కింద. చదవడానికి టైరు తప్ప ఏమీ లేదు. చదివాను. నాలుగు నెలల్లో ఒక్కసారీ చదవని టైరుని, ఒత్తులూ గుణింతాలతో సహా చదివాను. 90/90-21, అది కొలత. పక్కనే 54ఎస్. 54 అంటే 212 కిలోలు మోస్తుంది. ఎస్ అంటే గంటకి 180 కిలోమీటర్ల వేగం తట్టుకుంటుంది. నేను పడ్డప్పుడు ఆరో ఏడో ఉంటుంది. ఆ పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలు: 3121. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. అంటే 2021లో ముప్పై ఒకటో వారం, ఆగస్టు మొదట్లో. రాణిగంజ్ వైపు దుకాణంలో "ఫ్రెష్ స్టాక్ అన్నా, మొన్ననే దిగింది" అని ఒట్టేసి అంటగట్టిన టైరు, నా బండెక్కేముందు ఏళ్ళ తరబడి అటక మీద కాపురం చేసిందన్నమాట. (తర్వాత మా అమ్మ క్యాలెండర్ తీసి చూసింది. ఆ వారమంతా ఆషాఢమట. "ఆషాఢంలో పుట్టిన టైరు పడెయ్యక ఏం చేస్తుంది" అని తేల్చేసింది.)

అంకెల పక్కన ఇంకోటి కనిపించింది. బాణం.

టైరు ఎటు తిరగాలో చెప్పే బాణం. చక్రం పైభాగంలో ఉన్నప్పుడు అది ముందుకి చూపించాలి. సరిగ్గా పైభాగంలోనే ఆగింది. కానీ ముందెటో, వెనకెటో, వెల్లకిలా పడ్డవాడికి ఒక పట్టాన తెగలేదు. ఈలోగా వాచ్‌మన్ పైపు పట్టుకుని వచ్చాడు.

"సార్, లేపాల్నా?"

"ఆగు. ఈ బాణం ఎటు చూపిస్తోంది?"

అతను నేల వంక చూశాడు. "లోపలికి సార్."

"అది కాదు. టైరు మీదది."

వంగి చూశాడు. మళ్ళీ నేల చూశాడు. మళ్ళీ టైరు చూశాడు. "రెండూ లోపలికే ఉన్నయ్ సార్. మీరొక్కరే బయటికి పోతున్నరు."

అప్పుడే సెక్రటరీ గారు వాకింగ్ ముగించుకుని పాల ప్యాకెట్లతో దిగారు. నన్ను చూశారు. బాణం చూశారు.

"మీరు 304 కదండీ? ఇది ఎంట్రీ."

"కాలు ఇరుక్కుందండీ."

"ఎగ్జిట్ అటుంది."

"అటు బస్తాలున్నాయండీ."

ఆ మాట ఆయనకి వినపడలేదు. పాల ప్యాకెట్లు వాచ్‌మన్‌కిచ్చి ఫోన్ తీశారు, 108కి చేస్తారేమో అనుకున్నాను. ఫొటో తీశారు. ఒకటి నిలువుగా, ఒకటి అడ్డంగా. రెండో దాంట్లో నా ముఖం రాలేదు, రంగు మీద పడ్డ గీత మాత్రం స్పష్టంగా వచ్చింది.

మధ్యాహ్నం దుకాణానికి ఫోన్ చేశాను.

"బాణం గీణం ఏం గాదన్నా. టైరు గుండ్రంగనే ఉంటది గదా, ఎటేసినా తిరుగుతది."

"మరి 2021?"

"అది డేట్ గాదన్నా, కోడ్. ఆదివారం తీస్కరా, తిప్పేస్త. లేబర్ మూడొందలియ్యి సాలు."

ఇవాళ ఆదివారం. బండి తీద్దామని ఇప్పుడే కిందకి వెళ్ళి చూసొచ్చాను. ఎగ్జిట్‌లో బస్తాలు అలాగే ఉన్నాయి. ర్యాంపు ఇంకా తడిగానే ఉంది.