సవరణ: నెట్ రేడియోలో సెకనుకోసారి వచ్చే 'టిక్' శబ్దం

షౌట్‌కాస్ట్, ఐస్‌కాస్ట్ అనే నెట్ రేడియో సర్వర్ల స్ట్రీముల్లో వినిపించే టిక్ శబ్దానికి ప్యాకెట్లు (నెట్‌లో డేటా వచ్చే ముక్కలు) పోవడమే కారణమని, బఫర్ (ప్లేయర్ ముందుగా నింపుకునే నిల్వ) పెంచితే చాలని ముందటి పోస్టులో ఉంది. అది సరికాదు. ఈ స్ట్రీములు టీసీపీ అనే నెట్ పద్ధతి మీద నడుస్తాయి, పోయిన ప్యాకెట్‌ను అది మళ్లీ తెప్పిస్తుంది. నెట్ బాగా లేకపోతే పాట ఆగుతుందే తప్ప టిక్కుమనదు.

అసలు కారణం పాట పేరు. 1998లో నల్‌సాఫ్ట్ కంపెనీ తెచ్చిన షౌట్‌కాస్ట్ పద్ధతిలో అది ఆడియో బైట్ల మధ్యలోనే వస్తుంది. ప్లేయర్ తన హెడర్లో (ఆడియో కంటే ముందు నడిచే సమాచార లైన్లలో) 'ఐసీవై-మెటాడేటా: 1' అని అడిగితే సర్వర్ 'ఐసీవై-మెటాఇంట్' హెడర్లో ఒక సంఖ్య ఇస్తుంది. ఐస్‌కాస్ట్‌లో మామూలుగా అది 16000. ప్రతి 16000 ఆడియో బైట్ల తర్వాత ఒక పొడవు బైటు ఉంటుంది. దాన్ని 16తో గుణిస్తే వెనకాల వచ్చే పేరు ఎన్ని బైట్లో తెలుస్తుంది. పేరు మారనంతసేపూ ఆ బైటు సున్నా. ప్లేయర్ రాసే చాలామంది తీసెయ్యకుండా వదిలేసేది ఈ సున్నానే! అది డీకోడర్‌లోకి (బైట్లను శబ్దంగా మార్చే భాగంలోకి) వెళ్తే ఆ ఎంపీ3 ఫ్రేము, అంటే ఆ చిన్న ఆడియో ముక్క, చెడిపోతుంది. 128 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) అంటే సెకనుకు 16000 బైట్లు, అందుకే టిక్ సరిగ్గా సెకనుకోసారి. 64 అయితే 2 సెకన్లకోసారి.

'ఐసీవై-మెటాడేటా: 1' హెడర్ పంపకుండా ఒకసారి వినండి. టిక్ పోతే లోపం మీ ప్లేయర్ లెక్కలోనే ఉంది. హెడర్ల తర్వాతి ఖాళీ లైను దాటాక వచ్చే మొదటి బైటు నుంచి లెక్క మొదలుపెట్టాలి.

తెలుగు పేర్లకు ఇంకో జాగ్రత్త. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా రాసే పద్ధతిలో) 'త్యాగరాజు' 27 బైట్లు. పేరున్న బైట్ల బ్లాకు, ప్లేయర్ నెట్ నుంచి రెండుసార్లు చదివినప్పుడు ముక్కలై రావచ్చు. మొత్తం చేరాకే అక్షరాలుగా మార్చండి.