మెలికలు తిరిగిన రక్తనాళం గారికి

మహారాజశ్రీ మా పెద్దనాయన గుండె రక్తనాళం గారి సముఖానికి, తిరుపతి కొర్లగుంట నుంచి వారి తమ్ముడి కొడుకు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం గురించే ఇంట్లో తలా ఒక మాట అంటున్నారు.

గుండె రక్తనాళాలను స్కాన్ తీసి చూసే సీటీ యాంజియో రిపోర్టు వచ్చినప్పటి నుంచి మీ పరువు వీధిన పడింది. అందులో మావాళ్లకు అర్థమైనవి రెండే ముక్కలు. మీరు మెలికలు తిరిగి ఉన్నారు. మీ గోడల్లో క్యాల్షియం ఉంది, స్కోరు 186. ఈ రెండింటికీ ముడి పెట్టడానికి మా ఇంటి వైద్యమండలికి కాఫీ తాగినంత సేపు కూడా పట్టలేదు. "మెలికుంది కాబట్టే సున్నం ఇరుక్కునింది" అని తీర్పు. కొండమీదికి జీపు తోలే మా బావ సాక్ష్యం కూడా పలికాడు. "ఘాట్ రోడ్డులో మలుపు కాడనే కదా మామా, ఏదైనా ఇరుక్కునేది!"

సరే, అదే ఘాట్ రోడ్డును నేనూ సాక్షిగా పిలుస్తాను. 1944లో వేసిన మొదటి రోడ్డులో మలుపులు ఎక్కువ. 1974లో వచ్చిన రెండోది దానికన్నా సాఫీ. మరి 2021 డిసెంబరులో వానలకు కొండచరియ విరిగి పెద్ద పెద్ద బండలు పడింది ఏ రోడ్డు మీద? ఆ సాఫీ రోడ్డు మీదే. కొండ ఎక్కడ వదులైతే అక్కడ రాయి పడుతుంది. కింద మలుపుందా లేదా అని చూసుకుని పడదు.

అలాగని బావది ఉత్త మాట అని కొట్టిపారేయను. మలుపు లోపలివైపు రక్తం గోడను ఒరుసుకుంటూ పోయే జోరు తగ్గుతుంది. అలా జోరు తగ్గిన చోట కొవ్వు చేరడానికి వీలెక్కువని డాక్టర్లే చెబుతారు. కాబట్టి మీమీద అనుమానం రావడం న్యాయమే. కేసే నిలబడటం లేదు. మెలికలున్నవాళ్లనూ లేనివాళ్లనూ పక్కపక్కన పెట్టి చూసిన అధ్యయనాల్లో, మెలికలున్నవాళ్లకు పూడికలు ఎక్కువని గట్టిగా తేలలేదు. కొన్నింటిలోనైతే తక్కువే కనిపించాయి. మీ మెలికలకు స్నేహం వయసుతో, ఏళ్ల తరబడి అదుపులో లేని బీపీతో. మగవాళ్లలో కన్నా ఆడవాళ్లలో ఎక్కువగా కనిపిస్తాయట కూడా.

క్యాల్షియం దారి వేరు. గోడలో కొవ్వు చేరి వాపు వస్తే, ఆ గొడవలో అక్కడి కండర కణాలు కొన్ని ఎముక కణాల వేషం కడతాయి. ఎముకలో ఉండే ఖనిజాన్నే తెచ్చి అక్కడ పేరుస్తాయి. ఆ పనికి షుగరు కావాలి, పొగ కావాలి, కొలెస్ట్రాల్, బీపీ, వయసు కావాలి. మెలిక అక్కర్లేదు. బీపీ, వయసు రెండు జాబితాల్లోనూ ఉన్నాయి చూడండి, అందుకే మీరూ క్యాల్షియమూ ఒకే ఇంట్లో దొరికారు. అంతేగానీ ఒకరు పిలిస్తే ఒకరు వచ్చినవాళ్లు కాదు.

అసలు ఆ స్కోరు మీ మెలికలను లెక్కలోకే తీసుకోలేదు. 1990లో అగాట్‌స్టన్ అనే డాక్టరూ ఆయన సహచరులూ పెట్టిన పద్ధతి అది. రంగు మందు ఎక్కించకుండా స్కాన్ తీసి, స్కాన్‌లో చిక్కదనాన్ని కొలిచే లెక్కలో 130 యూనిట్లు, ఆపైన మెరిసే తెల్ల మచ్చ ఎంత మేర ఉందో కొలుస్తారు. దాన్ని చిక్కదనాన్ని బట్టి 1 నుంచి 4 దాకా ఒక అంకెతో హెచ్చించి, అన్నీ కూడతారు. మెలిక తిరిగినందుకు మార్కులు కలపరు, తగ్గించరు. పక్కింటాయన తనకు సున్నా వచ్చిందని వీధంతా చెప్పుకుంటున్నాడు. మంచిదే. ఇంకా గట్టిపడని మెత్తటి కొవ్వు ఆ లెక్కకు అందదని చెప్పి ఆయనకు టెన్షన్ పెట్టడం ఎందుకని ఊరుకున్నాను.

తీర్పు తర్వాత శిక్ష ఉండాలి కదా. దాన్ని పెద్దమ్మ వంటింట్లో అమలు చేసింది. మొదట రాగిసంగటి పోయింది, రాగుల్లో క్యాల్షియం ఎక్కువని ఎవరో అన్నారని. ముద్ద మధ్యలో వేలితో గుంట చేసి, అందులో నెయ్యి వేసి, చెనిగ్గింజల ఊరిబిండి నంజుకుని తినే మనిషికి ఇప్పుడు రెండు గోధుమ పుల్కాలు. వాటిని ఆయన చూసే చూపు మీరు చూడాలి. తర్వాత పెరుగు పోయింది. ఆ తర్వాత ఆకూవక్కలోకి వేసుకునే సున్నం డబ్బీ అటకెక్కింది. (వక్క మానితే మంచిదే, అది వేరే లెక్క.) సంగట్లోని క్యాల్షియం కడుపులోంచి తిన్నగా వెళ్లి మీ గోడకు అతుక్కోదని నేనంటే, "నువ్వు డాక్టరువా?" అన్నారు. మండలిలో ఎవరు డాక్టరో నేను అడగలేదు.

బీడీకి మాత్రం ఏ శిక్షా లేదు. ఎందుకుంటుంది? అందులో క్యాల్షియం ఉందని ఎవరూ అనలేదుగా! బీపీ మాత్ర కూడా తల తిరిగిన రోజే వేసుకునే వ్రతం యథాప్రకారం నడుస్తోంది.

మీ వైపు తప్పే లేదని అనను. రేపు స్టెంటు వేయాల్సి వస్తే సన్నటి తీగను మీ మెలికల్లోంచి దూర్చాలి. గోడలో క్యాల్షియం గట్టిగా ఉంటే వజ్రపు పొడి అద్దిన చిన్న డ్రిల్లు పంపాలి. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే ఆ యంత్రంతో మెలిక దగ్గర గోడ చీలే భయం ఎక్కువ. ఒకరినొకరు పుట్టించకపోయినా, ఇద్దరూ కలిశారంటే స్టెంటు వేసే క్యాథ్ ల్యాబ్ ఏసీలో కూడా డాక్టరుకు చెమట పట్టిస్తారు.

ఆ అవసరం ఇంకా రాలేదు. మాత్రలతో సరిపెట్టారు. వాటిలో కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ ఒకటి. అది వాడుతుంటే మెత్తటి పూడిక గట్టిపడి స్కోరు కాస్త పెరగవచ్చు, అది భయపడాల్సింది కాదు. ఈ ముక్క మాత్రం మన మధ్యే ఉండాలి. మండలి చెవిన పడితే సంగటి తర్వాత జప్తు అయ్యేది ఆ మాత్రే.

పెద్దమ్మ సంగటి విషయంలో కొంచెం మెత్తబడింది. బీడీకట్ట అటక మీద ఆ సున్నం డబ్బీ వెనకాలే ఉందని ఆమెకు ఎవరు చెప్పాలన్న దగ్గర పని ఆగి ఉంది.

ఇట్లు,
మీ యజమాని తమ్ముడి కొడుకు