గొంతెమ్మ కోరికల లెన్స్ చిట్టా

“కెనాన్ కళ్ళు తెరవాలి! ఆర్‌ఎఫ్ మౌంట్‌కి వెంటనే రావాల్సిన లెన్సులివే. ప్రతి ఫోటోగ్రాఫర్ షేర్ చేయాలి!” ఈ మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. నాకు పెళ్ళిళ్ళు తీసేవాళ్ళ గ్రూపులో వచ్చింది, పక్షుల గ్రూపులో వచ్చింది, చివరికి జన్మలో కెమెరా పట్టని మా బావగారు కూడా “నీకు పనికొస్తుందేమో చూడు” అంటూ పంపారు. ఏడు పాయింట్లు, పాయింటుకో మంట బొమ్మ. “అన్నా, ఇది నిజమేనా?” అని అడిగిన వాళ్ళందరికీ విడివిడిగా టైప్ చేసే ఓపిక నాకు అయిపోయింది. ఇక్కడే ఒకేసారి చెప్పేస్తా.

కొత్తవాళ్ళకి ఒక మాట: ఆర్‌ఎఫ్ అంటే కెనాన్ కొత్త మిర్రర్‌లెస్ కెమెరాలకి (బాడీలకి) లెన్స్ బిగించే మౌంట్, ఈఎఫ్ అంటే పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లది. 70-200 లాంటివి ఎంఎంలో ఫోకల్ లెంగ్త్, అంకె పెరిగేకొద్దీ దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుంది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్స్‌లోకి ఎక్కువ వెలుగు వస్తుంది.

ముందు తేలికవి. రెండో పాయింటు: “70-200 ఎఫ్2.8 జూమ్ చేస్తే ముందుకి సాగకూడదు, టెలికన్వర్టర్ కూడా పట్టాలి.” 2019లో వచ్చిన ఆర్‌ఎఫ్ 70-200 సాగుతుంది, కన్వర్టర్ (లెన్స్ వెనక తగిలించి దూరాన్ని ఇంకా దగ్గర చేసేది) పట్టదు, నిజమే. అందుకే 2024 అక్టోబరులో పేరు చివర ‘జెడ్’ తగిలించి ఇంకో 70-200 ప్రకటించారు. అది సాగదు, దానికి కన్వర్టర్ పడుతుంది. షాపులో దొరికేదాన్ని కోరికల చిట్టాలో పెట్టడమేమిటో!

మూడోదీ ఆ బాపతే. “మామూలోడికి అందే ఎఫ్1.2 కావాలి.” 45 ఎంఎం ఎఫ్1.2 ఎస్‌టీఎంని 2025 నవంబరులో ప్రకటించారు. బరువు 350 గ్రాముల లోపు, అమెరికాలో ధర 500 డాలర్ల లోపు. ఖరీదైన ఎల్ సిరీస్ 50 ఎఫ్1.2తో పోల్చి ఫోటో అంచులు మెత్తగా ఉన్నాయంటారా? ఆ ధరకి అంచులు కూడా కోసుకుపోయేంత పదునుగా ఉండాలంటే ఎలా?

నాలుగోది నాకు బాగా నచ్చింది. “24 నుంచి 200 దాకా ఎఫ్2.8తో ఒక్కటే లెన్స్. ఫోన్ చేయగలిగింది కెమెరా ఎందుకు చేయలేదు?” ఫోన్ కూడా చేయట్లేదు బాబూ. దాని వెనక మూడు నాలుగు కెమెరాలున్నాయి, మీరు వేళ్ళతో జూమ్ చేస్తుంటే ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి దూకుతోంది. ఇక లెక్క చూద్దాం. 200ని 2.8తో భాగిస్తే 71. అంటే 200 దగ్గర ఎఫ్2.8 కావాలంటే ముందు గాజు కనీసం 71 మిల్లీమీటర్ల వెడల్పు ఉండి తీరాలి. ఇది కంపెనీ దాచిపెట్టిన రహస్యం కాదు, భాగహారం. 24-105 ఎఫ్2.8ని కెనాన్ 2023లోనే చేసింది, 105 దగ్గర ఆగినా 1,330 గ్రాములు తూగుతోంది. దాన్నే 200 దాకా లాగించి, పొద్దున స్నాతకం నుంచి రాత్రి అప్పగింతల దాకా మెడలో వేసుకుని తిరగండి. ఫిజియోథెరపిస్ట్ నంబరు నేనిస్తా.

మొదటి పాయింటు: “24-70 ఎఫ్2, బరువు 700 గ్రాములు, ధర యాభై వేలు.” ఆర్‌ఎఫ్ మొదలైన 2018లోనే కెనాన్ 28-70 ఎఫ్2 తెచ్చింది. 1,430 గ్రాములు, 95 ఎంఎం ఫిల్టరు, మూడు వేల డాలర్లు. నవ్వి వదిలేసేవాణ్ణే గానీ, 2024లో సోనీ అదే 28-70 ఎఫ్2ని 918 గ్రాముల్లో చేసి చూపించింది. కాబట్టి బరువు విషయంలో ఈ కోరిక నేను అనుకున్నంత పిచ్చిది కాదు. ధర మాత్రం సోనీది కూడా దాదాపు మూడు వేల డాలర్లే. యాభై వేలకి హుడ్డూ, మూతా, డబ్బా వస్తాయేమో కనుక్కోవాలి.

ఆరోది చదివాక మాత్రం కాదనడానికి నాకు నోరు రాలేదు. “పక్షుల కోసం చేత్తో పట్టుకుని తీయగలిగే తేలికపాటి 600 కావాలి.” నూటికి నూరు పాళ్ళు న్యాయం. నికాన్ వాళ్ళకి జెడ్ 600 ఎఫ్6.3 ఉంది, 2023లో వచ్చింది, కిలోన్నర కూడా ఉండదు. లోపల ఫ్రెనెల్ గాజు (సన్నటి వలయాలు చెక్కిన పల్చటి గాజు) వాడి పొడుగు, బరువు రెండూ తగ్గించారు. ఆ తరహా కిటుకుని కెమెరా లెన్సులోకి మొదట తెచ్చిందెవరో తెలుసా? కెనానే, 2001లో, 400 ఎఫ్4 డీఓతో. అలాంటి కంపెనీ 2020లో ఆర్‌ఎఫ్ వాళ్ళ చేతిలో పెట్టింది 600 ఎఫ్11, 800 ఎఫ్11. తేలికే, చవకే, కాదనను. కానీ నేలపట్టు పక్షుల కేంద్రంలో తెల్లవారుజామున గూడబాతులు లేచే వేళకి ఎఫ్11తో నిలబడి చూడండి. ఎఫ్6.3లోకి వచ్చే వెలుగులో మూడో వంతే వస్తుంది. తక్కువ వెలుగుని సర్దే ఐఎస్ఓ సెట్టింగు ఎక్కడికో పోతుంది, ఈకల మీద డీటెయిల్ అంతా ఇసుక చల్లినట్టు అయిపోతుంది. 200-800 ఉంది కదా అంటారేమో, అది రెండు కిలోల పైమాటే, చివరికొచ్చేసరికి ఎఫ్9. ఈ పాయింటు దగ్గర నేనూ మీతోనే.

ఐదోది సగం నిజం, సగం చోద్యం. “ఒక్క ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఇస్తే సిగ్మా, టామ్రాన్ లెన్సులన్నీ పనిచేస్తాయి, కెనాన్ కావాలనే ఆపింది.” అప్‌డేట్‌తో ఏమీ జరగదు. సోనీ మౌంట్‌కి చేసిన లెన్స్ కెనాన్ బాడీకి అసలు బిగుసుకోనే బిగుసుకోదు. ఆ కంపెనీలు ఆర్‌ఎఫ్ కోసం విడిగా తయారుచేయాలి, దానికి కెనాన్ అనుమతి కావాలి. “కావాలనే ఆపింది” అన్న మాట మాత్రం తప్పు కాదు. 2022లో విల్‌ట్రాక్స్ అనే కంపెనీ ఆటోఫోకస్ లెన్సులని పేటెంట్ల పేరుతో ఆపించింది. 2024 ఏప్రిల్లో సిగ్మాకీ టామ్రాన్‌కీ లైసెన్సు ఇచ్చినప్పుడు కూడా ప్రకటించినవన్నీ ఏపీఎస్-సీ (చిన్న సెన్సర్ బాడీల) లెన్సులే. 2018లోనే సోనీ వాళ్ళకి టామ్రాన్ 28-75 ఎఫ్2.8 దొరికితే, ఆర్‌ఎఫ్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) వాళ్ళు అలాంటి అందుబాటు ధర జూమ్ కోసం 2024లో 28-70 ఎఫ్2.8 ఎస్‌టీఎం వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది. కోపం రావడంలో తప్పులేదు.

ఇక ఏడోది. అసలు నేను రాయడానికి కూర్చున్నదే దీని కోసం. “ఈలోగా మీ పాత ఈఎఫ్ లెన్సులు వెంటనే అమ్మేయండి. అడాప్టర్ వేస్తే షార్ప్‌నెస్ 30 శాతం పోతుంది, ఆటోఫోకస్ సగమవుతుంది.”

ముప్పై శాతమట. ఇరవై తొమ్మిది కాదు, ముప్పై ఒకటి కాదు. ఏ తక్కెడలో తూచారో మరి!

కెనాన్ అడాప్టర్‌ని చేతిలోకి తీసుకోండి. రెండు మూతలూ తీసి వెలుతురుకి పెట్టి చూడండి. ఇటు నుంచి వేలు పెడితే అటు బయటికొస్తుంది. గాజు ముక్క అన్నదే లేదు, లోపల నల్లటి గోడ, అంచున వరసగా బంగారు రంగు పిన్నులు. ఈఎఫ్ లెన్స్ సెన్సర్‌కి 44 మిల్లీమీటర్ల దూరంలో ఉండాలి, ఆర్‌ఎఫ్ బాడీలో మౌంట్ 20 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. మిగిలిన 24 మిల్లీమీటర్ల ఖాళీని ఈ గొట్టం పూరిస్తుంది, అంతే దాని ఉద్యోగం. గాలి వల్ల షార్ప్‌నెస్ పోతుందా సార్? టెలికన్వర్టర్‌లో గాజు ఉంటుంది, దానితో కొంత పదును తగ్గుతుంది. రాసినాయన ఆ రెంటికీ తేడా తెలియకుండానే మన లెన్సులు అమ్మించే పని పెట్టుకున్నాడు.

ఇంకా నమ్మకం కుదరకపోతే కెనాన్ ఏం చేసిందో చూడండి. 2021లో ఆర్‌ఎఫ్ 400 ఎఫ్2.8, 600 ఎఫ్4 తెచ్చింది. లోపలి గాజు అమరిక 2018 నాటి ఈఎఫ్ మూడో వెర్షన్లదే, వెనకాల గొట్టాన్ని శాశ్వతంగా బిగించారు. లక్షలు పోసి కొన్న స్పోర్ట్స్ ఫోటోగ్రాఫర్లు ఎవరూ ముప్పై శాతం పోయిందని గోల చేయలేదు.

ఆటోఫోకస్ సగమవుతుందా? 85 ఎఫ్1.8 ఈఎఫ్ 1992 నాటిది. డీఎస్‌ఎల్‌ఆర్ మీద దానితో జీలకర్ర బెల్లం తీసినవాళ్ళని అడగండి. ఫోకస్ పాయింట్లన్నీ ఫ్రేమ్ మధ్యలోనే గుంపుగా ఉండేవి. మధ్యలో ఫోకస్ పట్టి, కెమెరా పక్కకి తిప్పి కొడితే, అడ్డుతెర దిగిన ఆ క్షణంలో పెళ్ళికూతురి కళ్ళ బదులు చెవి జుంకీ షార్ప్‌గా వచ్చేది. అదే లెన్స్‌ని అడాప్టర్‌తో ఆర్‌ఎఫ్ బాడీ ఆర్6కి తగిలిస్తే కన్ను ఫ్రేమ్ మూలన ఉన్నా వదలదు. సెన్సర్ మీదే ఫోకస్ చూసుకుంటుంది కాబట్టి ఫోకస్ కాస్త ముందుకో వెనక్కో పడే ఫ్రంట్ ఫోకస్, బ్యాక్ ఫోకస్ పంచాయితీ, దాన్ని సరిదిద్దే మైక్రో అడ్జస్ట్‌మెంట్ టెన్షన్ లేవు. పైగా ఆ లెన్స్‌లో పుట్టుకతో లేని, చేతి వణుకుని సర్దే స్టెబిలైజేషన్ బాడీ ఇస్తుంది.

తెనాలి వైపు పెళ్ళిళ్ళు తీసే తమ్ముడొకడు ఈ మెసేజ్ చదివి, లక్షణంగా పనిచేస్తున్న ఈఎఫ్ 70-200 ఎఫ్2.8ని అడిగినంతకి ఇచ్చేసి, ఆర్‌ఎఫ్‌ది ఈఎంఐలో తెచ్చుకున్నాడు. ఆషాఢంలో ముహూర్తాలుండవు. ఈఎంఐకి ఆషాఢం లేదు. ఆ డబ్బుతో వాడికి రెండో బాడీయో మంచి లైట్లో వచ్చేవి, పెళ్ళిళ్ళ రేటూ పెరిగేది. ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్ళెవరైనా ఒక నెల కిస్తీ కడతారా?

అడాప్టర్‌తో ఇబ్బందులే లేవని నేననను. లెన్స్ ఇంకాస్త పొడుగవుతుంది, బరువు ముందుకి వాలుతుంది. కొన్ని పాత ఈఎఫ్‌లతో వరసగా ఫ్రేములు కొట్టే బరస్ట్ స్పీడ్ తగ్గుతుంది, వీడియోలో మోటారు చప్పుడు మైకులో పడుతుంది. ఊరూపేరూ లేని చవక అడాప్టర్లు వదులుగా ఊగుతాయి, వాటి జోలికి పోవద్దు. పాత సిగ్మా, టామ్రాన్ ఈఎఫ్ లెన్సులు కొన్ని కొత్త బాడీలతో మొరాయిస్తాయి. మీది ఆ రకమైతే బాడీ కొనేముందే లెన్సూ మెమరీ కార్డూ పట్టుకుని షాపుకి వెళ్ళండి. అక్కడే తగిలించి, దారిన పోయేవాళ్ళని ఓ వంద ఫ్రేములు కొట్టి, ఇంటికొచ్చి పెద్ద స్క్రీన్ మీద చూసుకున్నాక అమ్మాలో వద్దో తేల్చుకోండి.