మహారాజశ్రీ శాంపిల్ సంచి గారికి

ఇక్కడ మేమంతా క్షేమం. మీరు చెప్పారు కాబట్టి క్షేమం. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయబోయి ఆగాను. ఈ ఉత్తరం ల్యాబుకు చేరేసరికి మిమ్మల్ని రుబ్బేసి ఉంటారు.

మీ పుట్టుక ఎలా జరుగుతుందో ఈమధ్యే తెలుసుకున్నానండీ. రేవులో కంటైనర్ తలుపు తీస్తారు. పేర్చిన గోనెల్లోకి మొనదేలిన ఇనుప గొట్టం గుచ్చుతారు. గొట్టం వెంట గుప్పెడు వేరుశనగ గింజలు జారి పడతాయి. ఇంకో గోనె, ఇంకో గుప్పెడు. అన్నీ కలిపి సంచిలో పోసి, మూతి కట్టి, సీలు వేసి, చీటీ మీద నెంబరు రాసి, విషమేమైనా ఉందేమో చూడమని ల్యాబుకు పంపుతారు. సీలు పడేదాకా మీరు అందరిలాంటి గింజలే. పడ్డాక కంటైనర్ మొత్తానికీ మీరే ప్రతినిధి. ఎన్నిక లేదు, డిపాజిట్ లేదు. మీరు నోరు విప్పేదాకా సరుకు కదలదు, రేవు అద్దె ఆగదు, దిగుమతిదారుడికి నిద్ర పట్టదు.

అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటారు పెద్దలు. మీ ఉద్యోగానికి పునాది ఆ మాటే. కుండ విషయంలో అది నిజం. నీళ్లూ ఒకటే, మంటా ఒకటే. కంటైనర్‌లో గింజలు మాత్రం ఎన్నో పొలాల్లో పండి, ఎన్నో గోదాముల్లో పడుకుని వచ్చినవి. ఎక్కడో ఒక మూల కాస్త చెమ్మ తగిలి బూజు పట్టిందనుకోండి, అఫ్లటాక్సిన్ అనే విషం అక్కడి కొద్ది గింజల్లోనే పేరుకుంటుంది. పక్క గోనె నిక్షేపంలా ఉంటుంది. గొట్టం ఎటు గుచ్చుకుంటే అటు తీర్పు. అందుకే యూరప్ వాళ్లు వేరుశనగ పెద్ద లాటు వస్తే ఒకటీ రెండూ కాదు, 100 చోట్ల నుంచి తీసి 20 కిలోలు చేయమన్నారు. 20 టన్నుల సరుకైతే అందులో మీరు వెయ్యో వంతు. వెయ్యిమందిలో ఒకణ్ణి పిలిచి అడిగి ఊరంతా మంచిదేనని రాసుకోవడం, పాపం, మీ తప్పు కాదు.

ఈ విషానికి పేరు పెట్టించింది కూడా దిగుమతి సరుకే. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోయాయి. జబ్బేమిటో తెలియక ‘టర్కీ ఎక్స్’ అన్నారు. చివరికి దొరికిన దొంగ, బ్రెజిల్ నుంచి మేతగా తెప్పించిన వేరుశనగ చెక్క. అంటే మొదట్లో మీ ఉద్యోగం కోళ్లు చేసేవి. జీతం తీసుకోలేదు, రిపోర్టు మాత్రం తిరుగులేకుండా ఇచ్చాయి.

ఇంతకీ, మీరు పాసా ఫెయిలా అన్నది మీ చేతుల్లో కూడా లేదు. కిలోకు 10 మైక్రోగ్రాముల అఫ్లటాక్సిన్ ఉన్న వేరుశనగ అమెరికా రేవులో పాస్. అక్కడి ఆహార, ఔషధ సంస్థ పెట్టిన హద్దు 20. అదే గింజ ఓడ మారి యూరప్‌లో దిగితే ఫెయిల్. నేరుగా తినే వేరుశనగకు అక్కడ హద్దు 4. గింజ మారలేదు, బూజు మారలేదు, దిగిన రేవు మారిందంతే. అందరికీ ఒకే కొలత ఉండాలని 1963 నుంచీ కోడెక్స్ అనే అంతర్జాతీయ కమిషన్ కూర్చుని రాస్తూనే ఉంది. ఎవరి తక్కెడ వాళ్ల దగ్గరే ఉంది.

మీలో నాకు నచ్చే గుణం, అడిగినదానికే జవాబు చెప్పడం. నచ్చనిదీ అదే. 2008లో చైనాలో పాలలో మెలమైన్ అనే, ప్లాస్టిక్ తయారీలో వాడే రసాయనం కలిపారు. ప్రొటీన్ పరీక్ష ప్రొటీన్‌ను చూడదు, నైట్రోజన్ ఎంతుందో చూసి లెక్క కడుతుంది. 1883 నుంచీ అదే పద్ధతి. మెలమైన్ బరువులో మూడింట రెండు వంతులు నైట్రోజనే. నీళ్లు కలిపిన పాలు చిక్కటి పాలుగా పాసయ్యాయి. దాదాపు 3 లక్షల మంది పిల్లలు జబ్బుపడ్డారు, ఆరుగురు పసివాళ్లు పోయారు. ఆ పాల శాంపిల్, అంటే మీ అన్నగారు, ఆనాడు ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఐర్లాండ్‌లో ఎవరికో బుద్ధి పుట్టి, గొడ్డు మాంసం బర్గర్లను డీఎన్ఏ పరీక్షకు పంపారు. 2013లో ఫలితం బయటికొచ్చింది. ఒకదాని మాంసంలో 29 శాతం గుర్రం. అంతకుముందు దాన్ని ‘నువ్వు గుర్రానివా?’ అని అడగడం ఎవరికీ తట్టలేదు మరి.

అసలు కథ మెంతులది. 2011లో జర్మనీలో ఈ.కోలై అనే బ్యాక్టీరియాతో జనం ఆస్పత్రుల పాలయ్యారు. 50 మందికి పైగా చనిపోయారు. ముందు స్పెయిన్ దోసకాయల మీద పడ్డారు. శాంపిల్‌లో ఈ.కోలై ఉంది, నిజమే. జనాన్ని చంపింది ఆ రకం కాదు. ఈలోగా స్పెయిన్ రైతుల తోటల్లో దోసకాయలు కుళ్లిపోయాయి. అసలు సంగతి ఒక రెస్టారెంట్‌లో తేలింది. ఏ బల్ల మీద ఎవరు ఏం తెప్పించుకున్నారు, ఆ వంటకంలో వంటవాడు ఏమేం వేశాడు అని కూర్చుని రాసుకుంటే, పైన అలంకారానికి చల్లిన మొలకలు బయటపడ్డాయి. తిన్నవాళ్లలో చాలామందికి మొలకలు తిన్న గుర్తే లేదు. అక్కణ్ణుంచి బిల్లు వెనక బిల్లు పట్టుకుని పోతే, 2009లో ఈజిప్టు నుంచి దిగిన మెంతుల దగ్గర తేలారు. ఆ మెంతులను తెచ్చి ల్యాబులో ఎంత వెతికినా ఆ క్రిమి దొరకలేదు. మీ వాళ్లంతా ‘క్లీన్’ అనే చెప్పారు. పట్టించింది బిల్లు పుస్తకం. గుమాస్తాను ఎవరైనా సన్మానించారో లేదో.

ప్రతి గింజనూ పరీక్షించాల్సిందేనని బల్లలు గుద్దేవాళ్లుంటారు. వాళ్ల మాటలకు టెన్షన్ పడకండి. మిమ్మల్ని పరీక్షించడమంటే రుబ్బడమే కదా. సరుకంతా పరీక్షించిన ఓడలో తినడానికి పిండి కూడా మిగలదు. అయినా మీ దాకా వచ్చే సరుకే కొంచెం. చాలా సరుకు కాగితాలు చూపించి, స్టాంపు వేయించుకుని, మీ ముఖం చూడకుండానే వెళ్లిపోతుంది. బయల్దేరిన చోటే గోదాము పొడిగా ఉంచి ఉంటే మీకు సగం పని తప్పేది. గోదాముకు రేకు మార్చడం ఖర్చు, సంచికి సీలు వేయడం చవక.

ఇట్లు,
మీరు పాస్ చేసింది తినేసినవాడు

తా.క. మీ కవల సోదరుణ్ణి ఎక్కడో సీలు వేసి దాచారని విన్నాను. మీరు ఫెయిలైతే దిగుమతిదారుడు అప్పీలుకు వెళ్తాడట, అప్పుడు ఆయన సాక్ష్యమట. రుబ్బకముందే మిమ్మల్ని విడదీసి ఉంటే, అన్నదమ్ముల మాట కలవకపోవచ్చు. ముందే అనుకోండి.